డబుల్స్‌కి ఒక లెక్క, అలకు ఒక లెక్క

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 552 మిల్లీమీటర్లు. సముద్రమట్టానికి పట్నం 335 మీటర్ల ఎత్తున ఉంది. అలలు చూడాలంటే కడప మీదుగా నెల్లూరు మైపాడు దాకా పోవాలి, రోడ్డున మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఈ అంకెలు దగ్గర పెట్టుకుని ఇక్కడెవరైనా సెకండ్‌హ్యాండ్ జెట్‌స్కీ కొంటానంటే ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

అయినా అడిగేవాళ్లు ఉన్నారు. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు మీద పార్నపల్లె దగ్గర 2022 డిసెంబరులో బోటు షికారు మొదలైంది. ఇక్కడి నుంచి బెంగళూరు ఉద్యోగాలకు పోయినవాళ్లు సెలవు దొరికితే గోవా బండెక్కుతున్నారు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడిన మనవాళ్లకు ఇంటి పక్కనే సరస్సు, గ్యారేజీలో ట్రైలరు. అందరూ అడిగేది ఒకటే: అల మీద ఎగరాలి, వెనక ఇంకొకరు కూర్చోవాలి, కొత్తది కొనే స్తోమత లేదు. ఏ బండి తీసుకోవాలి?

ముందే చెప్పేస్తాను. రెండు పనులూ చేసే బండి ఉంది. రెండూ ఒకేసారి చేసే బండి లేదు. అలను ఎక్కేటప్పుడు ఒక్కరే ఉండాలి. ఇద్దరు ఎక్కినప్పుడు నీళ్లు చదునుగా ఉండాలి. ఎందుకో లెక్కలే చెబుతాయి.

బరువు దగ్గర మొదలుపెడదాం

గాల్లోకి లేవడానికి హార్స్‌పవర్ కావాలని అందరూ అనుకుంటారు. నిజానికి అక్కడ పనికొచ్చేది తేలికదనం. నిలబడి నడిపే యమహా సూపర్‌జెట్ పాత రెండు స్ట్రోకుల మోడల్ 140 కిలోల లోపే ఉంటుంది. 2021లో వచ్చిన నాలుగు స్ట్రోకులది దాదాపు 170 కిలోలు. అలల పోటీల్లో కుర్రాళ్లు గింగిరాలు తిప్పేది ఇలాంటి వాటినే. అవి ఒక్కరి బళ్లు. వెనక ఎవరినైనా ఎక్కించాలన్న ఆలోచన ఉంటే వాటిని ఇక్కడే వదిలేయండి.

రెండో కొస చూడండి. కవాసాకి అల్ట్రా 310. పేరులోనే 310 హార్స్‌పవర్, 1,498 సీసీ సూపర్‌చార్జ్‌డ్ ఇంజను. పెట్రోలుతో కలిపి తూకం వేస్తే 475 కిలోల దరిదాపు. ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు, లోతు సముద్రంలో కుదుపు తెలియదు. కానీ దాన్ని అల మీద ఎగరేయడమంటే గాల్లోకి లేపిన అర టన్నును మళ్లీ నీళ్ల మీద పడేయడమే. 75 కిలోల మనిషితో కలిపి మీటరు ఎత్తు నుంచి పడితే నీటికి తగిలే శక్తి 5,400 జౌళ్లు. 190 కిలోల చిన్న బండిలో అదే మనిషి, 20 కిలోల పెట్రోలు ఉంటే 2,800 జౌళ్లు. సగం. ఆ దెబ్బ తినేది హల్లు అనే అడుగు డొప్ప, దాని వెనక ఇంజను మౌంట్లు, ఆ తర్వాత మీ మోకాళ్లు.

ఈ రెండింటి నడుమ ఉన్న బళ్లే మన బేరానికి పనికొచ్చేవి. 2014 మోడల్‌గా వచ్చిన సీడూ స్పార్క్ అందులో మొదటిది. 899 సీసీ మూడు సిలిండర్ల రోటాక్స్ ఇంజను, 60 లేదా 90 హార్స్‌పవర్. అమెరికాలో అప్పట్లో దాని ప్రారంభ ధర 4,999 డాలర్లు. పాత బళ్ల మార్కెట్లో ఇవి విరివిగా దొరకడానికి అదో కారణం. రెండు సీట్ల రకం 2.79 మీటర్ల పొడవు, 185 నుంచి 195 కిలోలు. మూడు సీట్ల రకం 3.05 మీటర్లు, దాదాపు 200 కిలోలు. రెండోది యమహా ఈఎక్స్ వరుస. 2017లో వచ్చింది, 1,049 సీసీ, 3.14 మీటర్లు, 260 కిలోల చిల్లర. ఆ వరుసలోంచే ఎగరడానికని తీర్చిదిద్దిన జెట్‌బ్లాస్టర్ 2022లో వచ్చింది, 250 కిలోల దగ్గర.

ఇప్పుడు డబుల్స్ సంగతి. రెండు సీట్ల స్పార్క్ మోసే బరువుకు కంపెనీ పెట్టిన హద్దు 160 కిలోలు. మూడు సీట్లదానికి 205. మీరు 82 కిలోలు, వెనక కూర్చునే మనిషి 70 అనుకుంటే 152. లైఫ్ జాకెట్లు, తడిసిన బట్టలు, నీళ్ల సీసా, చిన్న లంగరు కలిపేసరికి 160 దాటిపోయింది. బండి మునిగిపోదు గానీ వెనక భాగం నీళ్లలోకి కూరుకుని ముక్కు పైకి లేస్తుంది. వేగం పెంచితే ముక్కు లేస్తూ పడుతూ గంతులేస్తుంది, ఆపితే పక్కకు ఒరుగుతుంది. మన దగ్గర మోటారు సైకిల్ మీద డబుల్స్ అంటే ఇద్దరే అన్న లెక్క ఎప్పుడూ లేదు, పెట్రోలు ట్యాంకు మీద కూర్చునే పిల్లాడు లెక్కలోకే రాడు. నీళ్ల మీద ఆ పిల్లాడి 20 కిలోలూ లెక్కే. అందుకని సీట్లు రెండని రాసి ఉన్న బండి ఒకరికి, మూడని రాసి ఉన్నది ఇద్దరికి అని పెట్టుకోండి. ఎక్కడా మోసపోరు.

అల ఎంత, దెబ్బ ఎంత

రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే నేల మనది, గాలికి కొదవ లేదు. మరి ఆ గాలికి మన జలాశయాల మీద అల లేవదా? లేస్తుంది, ఎంత అన్నదే ప్రశ్న. గాలి వేగం, ఆ గాలి అడ్డం లేకుండా నీటి మీద ప్రయాణించే దూరం, ఈ రెండూ తెలిస్తే అల ఎత్తు లెక్కగట్టే సూత్రం తీర ఇంజనీర్ల దగ్గర ఉంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి, అయిదు కిలోమీటర్ల నీళ్లు ఉంటే దాని ప్రకారం వచ్చే అల 35 సెంటీమీటర్లు. మోకాలి దాకా కూడా రాదు. అదే గాలికి మీటరు అల లేవాలంటే దాదాపు 40 కిలోమీటర్ల పొడుగున నీళ్లు పరుచుకుని ఉండాలి. పెన్న అహోబిలం జలాశయం 11 టీఎంసీల సామర్థ్యం ఉన్నదే గానీ అంత పొడుగు నీళ్లు అక్కడ లేవు. కాబట్టి అల ముచ్చట తీర్చుకోవాలంటే బండిని మైపాడుకో, సూర్యలంకకో, విశాఖ రుషికొండకో తీసుకుపోవాల్సిందే. ఇక్కడ మిగిలేది డబుల్స్ షికారు. ఏడాదిలో ఎన్నిసార్లు తీరానికి పోతారో నిజాయితీగా లెక్కేసుకోండి. రెండు మూడు సార్లకు మించదంటే బండిని డబుల్స్ కోసమే ఎంచుకోవాలి, అలను దాని వెనక పెట్టాలి.

మీటరు ఎత్తు నుంచి పడే బండి నీటిని తాకేటప్పుడు వేగం గంటకు 16 కిలోమీటర్లు. వినడానికి చిన్నదే. కానీ ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోతుందన్నదే దెబ్బను తేలుస్తుంది. మోకాళ్లు వంచి నిలబడినవాడు తన ఒంటిని అర మీటరులో ఆపుకుంటాడు. 75 కిలోల మనిషికి కాళ్ల మీద పడే సగటు బలం 225 కిలోల బరువంత. వెనక సీట్లో కూర్చున్న మనిషికి ముందు వచ్చే అల కనబడదు, కాళ్లూనే ఆసరా తక్కువ, పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు. సీటు మెత్తదనం, హల్లు నీళ్లలోకి దిగేది కలిపి 15 సెంటీమీటర్లలో ఆగాలి. 65 కిలోల మనిషిని సీటు ఎదురుతన్నే సగటు బలం 500 కిలోల బరువంత. నడుము పూసలు నలగడానికి అది చాలు. ప్రయాణికులను ఎక్కించుకుని అలల మీద ఎగరొద్దని కంపెనీల పుస్తకాలు చెప్పేది ఇందుకే.

వెనక కూర్చునేవాళ్ల గురించి ఇంకో మాట. చెప్పుకోవడానికి మొహమాటపడే విషయం కనుక ఎవరూ చెప్పరు. వెనక్కి జారి నీళ్లలో పడితే జెట్ నాజిల్ నుంచి ఎగజిమ్మే నీటి ధార ఒంట్లోకి దూరి పేగులు చిరిగిపోయే ప్రమాదం ఉంది. మామూలు ఈత నిక్కరు దాన్ని ఆపదు. నియోప్రీన్ గుడ్డతో కుట్టిన వెట్‌సూట్ పంట్లాం తప్పనిసరి అని బండి మీదనే స్టిక్కరు ఉంటుంది. చీరతోనో చుడీదారుతోనో వెనక ఎక్కించుకోవడం మన బీచుల్లో మామూలైపోయింది. అది మానుకోవాలి. వేలాడే చున్నీ, వదులు జడ పంపులోకి పోయే ముప్పు దానికి అదనం.

మరో ముప్పు హ్యాండిల్ దగ్గర ఉంది. జెట్‌స్కీకి చుక్కాని లేదు, వెనక నుంచి చిమ్మే నీళ్ల దిశను బట్టే తిరుగుతుంది. భయపడి యాక్సిలేటరు వదిలేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి ముక్కుసూటిగా పోతుంది. కొత్తవాళ్లు సరిగ్గా అదే చేస్తారు. 2024 మార్చిలో ఫ్లోరిడా కీస్‌లో రెండు జెట్‌స్కీలు ఢీకొని తెలంగాణ నుంచి చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థి ఒకరు చనిపోయారు. ఒకే చోట నాలుగు బళ్లు సరదాగా తిరిగేటప్పుడు ఈ సంగతి ప్రాణం మీదికి వస్తుంది. నీటి మీద బ్రేకు అనేది సీడూ 2009లో ఐబీఆర్ పేరుతో, యమహా ఆ తర్వాత రైడ్ పేరుతో తెచ్చాయి. డబుల్స్ కోసం పాతది కొంటుంటే ఆ సౌకర్యం ఉన్న బండికి కొంచెం ఎక్కువ పెట్టండి. స్పార్క్‌లో అది అన్నింటికీ లేదు, చూసి తీసుకోవాలి.

మన నీళ్లకు తగ్గ బండి

ఇంజను నడపడానికి హల్లు కింద కనీసం 60 నుంచి 90 సెంటీమీటర్ల నీళ్లు ఉండాలని కంపెనీలు చెబుతాయి. అంతకంటే తక్కువైతే పంపు అడుగు నుంచి ఇసుకను, గులకరాళ్లను లాగేస్తుంది. ఎండాకాలం నాటికి మన జలాశయాల్లో నీటి అంచు వెనక్కి పోతుంది. మునిగి ఉన్న కంపచెట్ల మొద్దులు పైకి తేలతాయి, లేదా ఇంకా ప్రమాదంగా, జానెడు లోతులో దాక్కుంటాయి. జాలర్లు పుట్టిల్లో తిరిగి వేసిన వలలు ఉంటాయి. నైలాన్ దారం పంపు షాఫ్టుకు చుట్టుకుంటే నీళ్ల నడిమధ్యలో ఆగిపోయి కూర్చోవాలి. వర్షాల తర్వాత తుంగభద్ర నీళ్లు, హంద్రీనీవా నీళ్లు చేరిన నెలల్లోనే ఇక్కడ ఈ సరదా.

కట్టల సంగతి ఇంకొకటి. మన డ్యాముల కట్టలకు రాతి రివెట్‌మెంటే గానీ ట్రైలరు దిగే వాలు ఉండదు. 190 కిలోల బండిని ఒడ్డు దొరికిన చోట నలుగురు చెయ్యి వేసి లాగుతారు, తలా 48 కిలోలు. 475 కిలోల బండిని ఆ నలుగురూ కదపలేరు.

పెట్రోలు కూడా చూద్దాం. ఫుల్ త్రాటిల్‌లో 100 హార్స్‌పవర్‌కు గంటకు 30 లీటర్లు అన్నది మోటు లెక్క. 90 హార్స్‌పవర్ స్పార్క్ 30 లీటర్ల ట్యాంకు గంటకు కొంచెం పైన ఖాళీ. 310 హార్స్‌పవర్‌ది గంటకు 100 లీటర్ల దాకా తాగుతుంది, లీటరు 110 రూపాయలనుకుంటే గంటకు 11,000. సూపర్‌చార్జరు లేని ఇంజను మా ఎత్తుకు మూడు నాలుగు శాతం బలం కోల్పోతుంది. పట్టించుకోవాల్సినంత కాదు.

రెండు స్ట్రోకుల పాత బళ్లు చవగ్గా దొరుకుతాయి, తేలిక, అల మీద చురుకు. కానీ కార్బురేటరు ఉన్న పాత రెండు స్ట్రోకుల ఇంజను పోసిన పెట్రోలులో నాలుగో వంతు దాకా కాలకుండానే ఆయిలుతో కలిపి నీళ్లలోకి వదిలేస్తుంది. కాలిఫోర్నియా సరిహద్దులోని టాహో సరస్సు వాళ్లు 1999లోనే వాటిని నిషేధించారు. ఊళ్లకు ఊళ్లు తాగునీటికి ఆధారపడ్డ జలాశయాలు మనవి. బిందె నీళ్ల కోసం మనుషులు కిలోమీటర్లు నడిచిన జిల్లాలో ఆ నీళ్ల మీద పెట్రోలు తెట్టు కట్టించే బండి, ఎంత చవగ్గా వచ్చినా, నా మాటగా చెబుతున్నాను, కొనకూడదు.

పాత బండిని పట్టి చూడటం

గోరంట్ల సంతలో ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. జెట్‌స్కీకి ఆ నోరు వెనక ఉన్న పంపు. అమ్మేవాడు సీటు తుడిచి, రంగు మెరిసేలా పాలిష్ పెట్టి ఉంచుతాడు. మీరు నేరుగా నేల మీద పడుకుని అడుగున ఉన్న జాలీ లోంచి టార్చి వేయండి. తిరిగే రెక్కల చక్రం కనబడుతుంది, దాన్ని ఇంపెల్లర్ అంటారు. రెక్కల అంచులు నున్నగా, పదునుగా ఉండాలి. ఒరుసుకుపోయి, పళ్ల కొయ్యలా గంట్లు పడి ఉంటే రాళ్లు మింగిన బండి అన్నమాట. ఆ రెక్కకూ చుట్టూ ఉన్న రింగుకూ నడుమ ఫీలర్ గేజ్ దూర్చి నాలుగు వైపులా కొలవండి. మామూలు ఖాళీ 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 0.6 దాటితే రింగు మార్చాలి. ఒక వైపు 0.2, ఎదురు వైపు 0.7 వస్తే అది రింగుతో పోయేది కాదు, షాఫ్టు లేదా బేరింగు సంగతి. ఖాళీ పెరిగిన బండి ఒక్కరితో బాగానే పోయినట్టుంటుంది. ఇద్దరు ఎక్కగానే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అందుకే డబుల్స్ కోసం కొనేవాళ్లు ఇద్దరూ ఎక్కి చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

తర్వాత గంటలు. ఇంటి వాడకంలో బండి ఏడాదికి 30 నుంచి 50 గంటలు తిరుగుతుంది. ఆరేళ్ల బండికి 200, 300 గంటలు న్యాయం. బీచులో అద్దెకు తిప్పిన బండి రోజుకు నాలుగు గంటల చొప్పున 150 రోజులు తిరిగితే ఒక్క ఏడాదికే 600. మన దేశంలో అమ్మకానికి వచ్చే పాత బళ్లలో అద్దెవి ఎక్కువ. డ్యాష్‌బోర్డు మార్చేసి గంటలు తగ్గించి చూపడం కష్టమేమీ కాదు. ఇంజను కంప్యూటరులోని లెక్కను డీలరు సాఫ్ట్‌వేరుతో చదివించండి. యమహాల్లో ఏ వేగంలో ఎన్ని గంటలు నడిచిందో కూడా విడివిడిగా వస్తుంది. గంటలన్నీ పై వేగంలోనే ఉంటే బండి కథ అదే చెబుతుంది.

కంప్రెషన్ గేజ్ పెట్టి సిలిండర్లన్నీ కొలిపించాలి. అసలు అంకె మోడల్‌ను బట్టి మారుతుంది. తేడా మాత్రం పది శాతం దాటకూడదు. 180, 178, 150 అని వచ్చిందనుకోండి, మూడోది దాదాపు 17 శాతం కింద ఉంది, వదిలేయండి. ఆయిలు డిప్‌స్టిక్ తీసి చూస్తే పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. సీడూ పాత సూపర్‌చార్జ్‌డ్ బళ్లలో ఆ సూపర్‌చార్జరును ప్రతి 100 గంటలకూ విప్పి వాషర్లు మార్చాలి. రసీదు చూపకపోతే ఆ పని జరగలేదనే అనుకోవాలి. పగిలిన ముక్కలు ఇంజనులోకి పోతే బండి ధరలో సగం మరమ్మతుకే అవుతుంది. మన ఎండలకు, మన మెకానిక్కుల దూరానికి సూపర్‌చార్జరు లేని ఇంజనే మేలు.

ఎగిరిన బండి గుర్తులు వేరు. హల్లు అడుగున, ముందు నుంచి మూడో వంతు దగ్గర వెంట్రుక పగుళ్లు, అతికించిన రంగు తేడా. ఫైబర్‌గ్లాసు హల్లును రూపాయి బిళ్లతో తడుతూ పోండి. టంగుమనే చప్పుడు ఒక చోట మొద్దుబారితే లోపలి పొరలు విడిపోయాయి. స్పార్క్ హల్లు ఫైబర్‌గ్లాసు కాదు, గాజు పోగులు కలిపిన పాలీప్రొపిలీన్. దానికి మామూలు రెసిన్ పట్టీ అతుక్కోదు, అలా అతికించి ఉంటే అది మూసిపెట్టిన గాయమే. సీటు తీసి ఇంజనును చేత్తో పట్టి ఊపండి, మౌంట్లు చిరిగి ఉంటే తెలిసిపోతుంది. బోల్టుల మీద తెల్ల పొడి, వైరు కనెక్టర్లలో పచ్చ పొడి ఉంటే ఉప్పునీళ్ల నుంచి వచ్చి మంచినీళ్లతో కడగని బండి.

ఆఖరున నీళ్లలో పరీక్ష. ఇద్దరూ ఎక్కి పావుగంట తిప్పండి. 90 హార్స్‌పవర్ స్పార్క్ ఒక్కరితో గంటకు 80 కిలోమీటర్ల దాకా పోతుంది, ఇంజను 8,000 ఆర్‌పీఎం దగ్గర ఆడుతుంది. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని చూడండి. ఆర్‌పీఎం పూర్తిగా వస్తూ వేగం 60 దగ్గరే ఆగితే పంపు దగ్గర లోపం. ఒడ్డుకు వచ్చాక సీటు తీసి లోపల నీళ్లు చూడాలి. గ్లాసెడు ఉంటే సరే, చెంబెడు ఉంటే షాఫ్టు సీలో పగులో ఉంది. కొనకముందే ఒకసారి కావాలని నీళ్లలో దిగి వెనక నుంచి మళ్లీ ఎక్కి చూడండి, వెనక కూర్చునే మనిషిని కూడా అలాగే ఎక్కించండి. చిన్న బండి తిరగబడితే ఏ వైపు తిప్పి నిలబెట్టాలో వెనక స్టిక్కరు మీద ఉంటుంది. తప్పు వైపు తిప్పితే ఇంజనులోకి నీళ్లు పోతాయి.

కాగితాలు

హల్లు మీద 12 అక్షరాల గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. మొదటి మూడు తయారీదారువి, చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అమ్మేవాడు 2019 అంటూ చివర 14 కనబడితే బేరం అక్కడితో సరి. విదేశం నుంచి దిగుమతి చేసుకునే వాటికి సుంకాలు 27.5 శాతం, ఆపైన 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అక్కడి 100 రూపాయలు ఇక్కడికి వచ్చేసరికి 178.50, రవాణా కాకుండానే. పాత వస్తువులకైతే దిగుమతికి విడిగా అనుమతీ కావాలి. అమెరికాలో తమ్ముడు వాడిన బండిని కంటైనర్లో తెప్పించుకుందామనే ఆలోచన ఈ లెక్కతోనే ఆగిపోవాలి. ఇక్కడే అమ్మకానికి ఉన్నదైతే కస్టమ్స్ బిల్లు ఆఫ్ ఎంట్రీ నకలు అడగండి.

2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద లోతట్టు నీళ్లలో తిరిగే మోటారు పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా నిబంధనలు ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో 77 మందితో ఉన్న రాయల్ వశిష్ఠ మునిగాక రాష్ట్రంలో పడవల మీద నిఘా పెరిగింది. జలాశయాలు జలవనరుల శాఖవి. నా బండి, నా ఇష్టం అంటే కుదరదు. కొనకముందే డ్యాము ఇంజనీరు ఆఫీసుకు వెళ్లి అడిగి రండి. అక్కడ కాదంటే బండిని తీరానికి మోసుకుపోవడమే దారి.

నా ఎంపిక అడిగితే, ఇద్దరి బరువు 150 కిలోలు దాటనివాళ్లకు బ్రేకు ఉన్న మూడు సీట్ల 90 హార్స్‌పవర్ స్పార్క్, 300 గంటల లోపుది. దాటినవాళ్లకు యమహా ఈఎక్స్. రెండింటిలోనూ సూపర్‌చార్జరు లేదు, రెండూ నాలుగు స్ట్రోకులే, రెండింటితోనూ మీరు ఒక్కరే ఉన్నప్పుడు మైపాడు అలల మీద కొద్దికొద్దిగా లేవొచ్చు. ఇద్దరినీ ఎక్కించుకుని నీళ్లలో తిప్పి చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారుడు ఎంత తగ్గించి ఇస్తానన్నా అడ్వాన్సు కట్టకండి.